'మనం'లో మేము లేము: ప్రకటనల భాష, కులం

ఊళ్ళో మొట్టమొదటి ప్రకటనకర్త ఎవరు? కంపెనీవాడు కాదు, పత్రికవాడు కాదు. డప్పు మెడకు తగిలించుకుని నాలుగు వీధులూ తిరుగుతూ "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని గొంతెత్తి చాటినవాడు. చాలా ఊళ్ళలో మాదిగ, కొన్ని ఊళ్ళలో మాల వెట్టి. శిస్తు గడువు, చెరువు తూము తెరిచే రోజు, వేలంపాట, జాతర - ఏ కబురైనా ఆ గొంతులోంచే ఊరికి తెలిసేది. పేపరు రాకముందు, రేడియో రాకముందు ఊరికి ఉన్న ప్రచార సాధనం ఆ డప్పే.

ఐతే ఆ 'యావన్మంది'లో చాటేవాడు ఉన్నాడా? తూము తెరిస్తే తడిసే పొలం అతనిది కాదు. వేలంపాటలో పాడే స్తోమత అతనికి లేదు. జాతరకు డప్పు కొట్టేది అతనే, గుడి గడప దాటకూడనిదీ అతనే. అందరికీ చెప్పాల్సిన మాటను వీధివీధికీ మోసినవాడు ఆ 'అందరి'లో లేకుండా పోయాడు. ఈ వ్యాసంలో మేము చర్చించదలుచుకున్నది ఇదే. ప్రకటనల భాష ఎవరిని పిలుస్తోంది? ఎవరిని పిలిచినట్టే పిలిచి గుమ్మం దగ్గర ఆపుతోంది? ఆ ఆపడాన్ని ఎంత మర్యాదగా చేస్తోంది?

ముందే ఒక మాట. కూలిరేట్ల గురించీ భూమి గురించీ మాట్లాడాల్సిన చోట ఈ ప్రకటనల గొడవేంటి, ఇది పట్నం మధ్యతరగతి వ్యవహారం గదా అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళ లెక్కలో ప్రకటన అంటే పెట్టుబడి తన సరుకు అమ్ముకునే మార్గం. అది నిజమే. కానీ సరుకు అమ్మాలంటే ముందు కొనేవాడు ఎవరో తేల్చుకోవాలి. 'మనిషి' అనే మాటకు ఒక రంగు, ఒక ఇల్లు, ఒక వంట, ఒక పండగ తగిలించాలి. ఆ తగిలించే పని దగ్గర కులం కూర్చుని ఉంటుంది. కారంచేడు (1985), చుండూరు (1991) మాకు నేర్పిన పాఠం ఒకటుంది. గొడ్డలి లేవకముందే ఆ గొడ్డలిని సమర్థించే భాష ఊళ్ళో తయారై ఉంటుంది. 'వీళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువైపోయారు' అనే మాట ఊళ్ళో తిరుగుతుండగానే దాడి సగం జరిగిపోయినట్టు. అదే భాష ఆదివారం పేపర్లో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎలా ఉంటుందో చూద్దాం.

మేము, మనము

తెలుగులో ఇంగ్లీషుకు లేని ఒక తేడా ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనము', వదిలేస్తే 'మేము'. తమిళంలో కూడా 'నామ్', 'నాంగళ్' అని ఈ తేడా ఉంది. హిందీ 'హమ్'లో లేదు, సంస్కృతంలో లేదు. అంటే మన భాషలో బహువచనంలో నోరు విప్పే ప్రతివాడూ, ఎదుటివాడు లోపలివాడా బయటివాడా అన్నది ముందే తేల్చుకోవాలి. వ్యాకరణమే ఆ ప్రశ్న అడుగుతుంది.

ఈ వ్యాకరణం మేము బడికి పోకముందే నేర్చుకున్నాం. మా ఊరి ఆసామి కోతలప్పుడు 'మన పొలం' అంటాడు. ఓట్లప్పుడు 'మన ఊరి పరువు' అంటాడు. వాళ్ళ వీధి బోరింగు దగ్గర మా అమ్మ బిందె పెట్టిందంటే మాత్రం అది 'మా బోరింగు' అవుతుంది. పని ఉన్నప్పుడు 'మన', వాటా అడిగినప్పుడు 'మా'. ఏ మాట ఎప్పుడు వస్తుందో మా పల్లెలో పిల్లలకు కూడా తెలుసు.

వ్యాపార ప్రకటన ఎప్పుడూ 'మన' అనే అంటుంది. మన రుచి, మన పండగ, మన సంప్రదాయం, మన ఇంటి ఆడపడుచు. ఒకణ్ణి ఒప్పించాలంటే ముందు అతన్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి గదా. పచ్చళ్ళ ప్రకటనలు చూడండి. 'అమ్మమ్మ చేతి రుచి' అంటాయి. బొమ్మలో ఒక మండువా ఇల్లు, వాకిట్లో ముగ్గు, తులసికోట, పట్టుచీర కట్టిన తెల్లటి ముసలమ్మ, వరసగా జాడీలు. 'అమ్మమ్మ' అనే మాటకు వాళ్ళిచ్చిన రూపం అది.

మా అమ్మమ్మ కూడా జాడీల పచ్చళ్ళకు పనిచేసింది. ఆసామి తోటలో కాయలు కోసి మోసింది, మిరపకాయలు ఎండబోసి ఎత్తింది. అన్నీ గడప ఇవతల పెట్టి వచ్చేది. జాడీ ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఆమె చేతి రుచి వేరే ఉంది. వట్టి తునకలు వేసి వండిన గోంగూర, జొన్న అంబలి, వాన పడ్డాక పట్టుకొచ్చిన చేపలు. ఆ రుచిని జాడీలో పెట్టి 'మన' అన్న కంపెనీ మాకు కనపడలేదు. ఇంకో సంగతి కూడా దాచుకోకుండా చెప్పాలి. చిన్నప్పుడు ఆ బొమ్మ చూసినప్పుడు మాకు బొమ్మ మీద కోపం రాలేదు. మా అమ్మమ్మను చూసి సిగ్గేసింది. ప్రకటన మా చేత ఆ పచ్చడి కొనిపించలేకపోయింది, మా దగ్గర డబ్బుల్లేవు. కానీ మేము తక్కువ అని మాత్రం నమ్మించింది. ఒప్పించడంలో అసలు గెలుపు అక్కడే ఉంది.

రంగు సంగతీ అంతే. 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' క్రీము 1975లో వచ్చింది. నలుపు అంటే జబ్బు, తెలుపు అంటే ఉద్యోగం, పెళ్ళి, ధైర్యం అని నలభై అయిదేళ్ళు చెప్పింది. 2020లో అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం ప్రపంచమంతా కదిలించాక 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. అక్కడి నల్లవాళ్ళు వీధుల్లోకి వస్తే ఇక్కడి డబ్బామీద మాట మారింది. మరి మనవాళ్ళు? 1989లోనే హైదరాబాదు నుంచి 'నలుపు' అనే పేరు పెట్టుకుని పత్రిక తెచ్చారు. ప్రకటనలు కడిగేయమన్న రంగునే పత్రిక తల మీద అచ్చేశారు. 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం పేరు 'నల్లపొద్దు'. ఒకే మాట ఒకచోట అవమానంగా అమ్ముడుపోతుంటే ఇంకోచోట ఆత్మగౌరవంగా నిలబడింది. మాట ఎవరి నోట్లో ఉంది అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

డబ్బిచ్చి కొన్న బ్రాకెట్టు

ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనల పేజీని మన విమర్శకులు సాహిత్యంగా చదవరు. చదవాలి అంటాం మేము. తెలుగు సమాజం తన గురించి తాను దాపరికం లేకుండా రాసుకునే పేజీ అది. అక్కడి భాషే వేరు. మాట్లాడే తెలుగులో ఎప్పుడో పోయిన 'కావలెను', 'కలదు', 'తెలుపగలరు' అక్కడ ఇంకా బతికే ఉన్నాయి. వధువు కావలెను. ఆస్తి కలదు. సాంప్రదాయ కుటుంబం. శాఖాభేదం లేదు. పాత మాటల్లో పాత పద్ధతి సుఖంగా కూర్చుంటుంది.

ఆ పేజీలో మేము మళ్ళీ మళ్ళీ చూసిన వాక్యం ఒకటుంది. 'కులం పట్టింపు లేదు (ఎస్సీ, ఎస్టీ తప్ప)'. కొందరు ఇంకొంచెం నాజూకుగా 'ఎస్సీ, ఎస్టీలు క్షమించాలి' అని రాస్తారు. ఈ వాక్యాన్ని కొంచెం నిదానంగా చదవాలి.

మొదటి సగం సంస్కర్తది. పట్టింపు లేదు అంటున్నాడు. ఆధునికుడు, చదువుకున్నవాడు. రెండో సగం బ్రాకెట్లో ఉంది. వ్యాకరణంలో బ్రాకెట్టు అంటే తీసేసినా వాక్యం నిలబడేది, అంత ముఖ్యం కానిది. ఇక్కడ మాత్రం అసలు సంగతంతా బ్రాకెట్లోనే ఉంది. ఇంకో విషయం. ఈ ప్రకటనలకు పత్రికలవాళ్ళు పదానికో, లైనుకో లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. అందుకే జనం అక్షరాలు మిగుల్చుకుంటారు. ఎత్తును అంకెల్లో రాస్తారు, చదువును పొట్టి అక్షరాల్లో రాస్తారు, ఊరిపేరు కూడా కుదిస్తారు. అంత పొదుపు చేసేచోట 'ఎస్సీ, ఎస్టీ తప్ప' అనే మాటలకు మాత్రం జేబులోంచి డబ్బు తీసి కడుతున్నారు. నోరు జారి అన్న మాట కాదు గదా ఇది. ఆలోచించి, లెక్కేసి, రసీదు తీసుకుని అన్న మాట.

'క్షమించాలి' అనే మాట ఇంకా విచిత్రం. మామూలుగా తప్పు చేసినవాడు క్షమించమని అడుగుతాడు. ఇక్కడ తప్పు చేయబోతూ, చేస్తాననే చెబుతూ, దాని భారం మనమీద పెడుతున్నాడు. క్షమించకపోతే మనకే మర్యాద తెలియనట్టు. కులం పేరుతో నలుగురిలో తిట్టినవాడి మీద కేసు పెట్టడానికి 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 'క్షమించాలి' అని అచ్చేసినవాడి మీద ఫిర్యాదు పట్టుకుని స్టేషనుకు పోతే ఏమవుతుందో చదివేవాళ్ళు ఊహించుకోవచ్చు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని 'ఏ రూపంలోనైనా' పాటించడం నిషేధం అంటుంది. రూపాలు మారతాయని దాన్ని రాసినవాళ్ళకు తెలుసు. బ్రాకెట్టు కూడా ఒక రూపమే.

మా చెల్లెలికి సంబంధాలు చూసేటప్పుడు మేము కూడా ఒకసారి ప్రకటన ఇచ్చాం. కాగితం మీద 'కులం పట్టింపు లేదు' అని రాసి తీసుకెళ్ళాం. ప్రకటనలు తీసుకునే కౌంటరులో ఉన్నాయన చదివి, "మీ కులం రాయలేదండీ" అన్నాడు. పట్టింపు లేదని రాశాం గదా అన్నాం. "అది సరే, ఏ హెడ్డింగు కింద వెయ్యాలి మరి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ పేజీలో గడులన్నీ కులాల పేర్లతోనే ఉన్నాయి. చివరికి 'ఎస్సీ' అనే హెడ్డింగు కింద 'కులం పట్టింపు లేదు' అచ్చయింది. అదే మాట పై గడిలోవాళ్ళు అంటే ఉదారత్వం. మా గడిలో అంటే ఆశ.

ఆ ఆదివారం పేజీ మొత్తం మా అమ్మకు చదివి వినిపించాం. ఆమె బడికి పోలేదు. మా ప్రకటన విన్నాక, పైవాళ్ళవి కూడా చదవమంది. రెండు మూడు చదివాక ఆపి అడిగింది: "ఆ 'తప్ప' అన్నది మనల్నేనారా?"

మనల్నే. అచ్చులో మాకు దొరికిన 'మనం' అది ఒక్కటే.

ఈ పట్టుదల ఎంతటిదో చెప్పే పరిశోధన ఒకటుంది. ఒక బెంగాలీ దినపత్రికలో పెళ్ళి ప్రకటనలు ఇచ్చినవాళ్ళ మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి చేసింది, 2013లో అచ్చయింది. ఆడపిల్లవాళ్ళు తమ కులం దాటకుండా ఉండటానికి ఎంత వదులుకోవడానికి సిద్ధపడుతున్నారో వాళ్ళు లెక్కగట్టారు. అసలు చదువే లేని వరుడికీ, ఎం.ఏ. చదివిన వరుడికీ మధ్య ఎంత తేడా ఉందో అంత వదులుకోవడానికి. మా ఇంట్లో మొదటి ఎం.ఏ. పట్టా మాది. కులం తక్కెట్లో దాని తూకం ఎంతో ఈ లెక్క చెప్పింది. కులం పోవాలంటే అసలు మందు కులాంతర వివాహమే అని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. ఆ ఉపన్యాసం చదవనీయకుండా లాహోరులో సభే రద్దు చేశారు. ఇవ్వాళ సభ రద్దు చేయాల్సిన అవసరం లేదు. ఒక్క బ్రాకెట్టు చాలు. పేపర్లోంచి ఫోన్లలోకి పెళ్ళి సంబంధాలు మారాక ఆ బ్రాకెట్టు కూడా కనపడటం లేదు. కులం ఎంచుకోమని అడిగే గడిలో ముందే మమ్మల్ని వడకట్టేస్తే 'క్షమించాలి' అనే మాట ఖర్చు కూడా మిగులుతుంది.

శాకాహారులకు మాత్రమే

పీహెచ్‌డీ రెండో ఏడు హాస్టల్ ఖాళీ చేయాల్సి వచ్చి, ఒక మిత్రుడితో కలిసి గది కోసం తిరిగాం. ఒక ఇంటి గేటుకు 'టు లెట్, శాకాహారులకు మాత్రమే' అని బోర్డుంది. గది బాగుంది, అద్దె మాకు అందేదే. వారానికోసారి తినే మాంసం బయట తిందాంలే అనుకుని తలుపు కొట్టాం. ఇంటావిడ మంచిగా మాట్లాడింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఏం చదువుతున్నారు, ఏ ఊరు అని అడిగింది. తర్వాత ఇంటిపేర్లు అడిగింది. అవి చెప్పినా తేలలేదు. అప్పుడు, "ఏమనుకోకు బాబూ, ఇంతకీ మీరేమిట్లు?" అంది.

ఆవిడ అడుగుతున్నంతసేపూ లోపల్నించి చేపలపులుసు వాసన వస్తూనే ఉంది.

చెప్పాం. "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చారు మావారు, నాకు గుర్తేలేదు" అంది. ఆ బోర్డు ఆ తర్వాత రెండు వారాలు అలాగే వేలాడింది.

మా అనుభవం ఒక్కటే అయితే వదిలేద్దుం. 2014లో కేంద్ర రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 98 మంది మాంసాహారులే. మరి ఈ బోర్డులన్నీ ఆ మిగిలిన ఇద్దరివేనా? కోడికూర తినే ఇంటి గేటుకు 'శాకాహారులకు మాత్రమే' అని ఎందుకు వేలాడుతోంది? ఎందుకంటే ఆ మాటకు తిండితో పని లేదు. కులం అడగడం ఇవ్వాళ కొంచెం మొహమాటం. తిండి అడగడం మొహమాటం కాదు, ఎవరి ఇష్టం వాళ్ళది అంటే ఎవరూ కాదనలేరు. 'మీరేమిట్లు' అనే ప్రశ్నను గుమ్మం మీద రాయలేరు గనక దానికి పెట్టుకున్న మారుపేరు ఇది. మారుపేరుతో పని కాకపోతే అసలు ప్రశ్న ఎలాగూ ఉంది. తెలంగాణలో అది 'మీరేమోళ్ళు' అవుతుంది, పని ఒకటే.

'ప్యూర్ వెజ్' అన్న మాటలో ఆ 'ప్యూర్' సంగతి కూడా చూడాలి. కూరగాయలు తినేవాడు శాకాహారి అంటే అర్థముంది. శుద్ధమైన శాకాహారి అంటే? మిగతావాళ్ళు అశుద్ధం అనే గదా. 2024 మార్చిలో జొమాటో కంపెనీ 'ప్యూర్ వెజ్' వాళ్ళకు వేరే మనుషులు, వేరే పెట్టెలు, ఆకుపచ్చ చొక్కాలు అని ప్రకటించింది. విమర్శలు రాగానే మర్నాడే ఆకుపచ్చ చొక్కాలు వెనక్కి తీసుకుంది. చొక్కా చూసి అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఎవరిని ఆపుతారో జనం వెంటనే గ్రహించారు. ఆ పెట్టె మోసే కుర్రాడు ఎవరి పిల్లాడో మేము వేరే చెప్పనక్కర్లేదు. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు 'పెద్దకూర పండుగ' చేసినప్పుడు అంత గొడవ ఎందుకైంది? ఆ కూర తినడం కొత్తా? కాదు. దాని పేరు నలుగురిలో, విశ్వవిద్యాలయంలో, 'పండుగ' అనే మాట పక్కన పెట్టి చెప్పడం కొత్త.

పేరే ప్రకటన

హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక వీధి చివరికంటా బోర్డులు చదువుతూ నడవండి. రెడ్డి గారి మెస్. రాజు గారి పులావ్. అయ్యంగార్ బేకరీ. బ్రాహ్మణ కేటరింగ్. చౌదరి గారి వంటిల్లు. ఈ పేర్లలో కులం ఒక హామీ పత్రంలా పనిచేస్తోంది. రుచికి, శుచికి, చేతి గొప్పకు కులమే గ్యారంటీ. 'కులం ఇప్పుడెక్కడుందండీ' అనేవాళ్ళు కూడా ఆ బోర్డు కిందే కూర్చుని తింటారు.

మరి మాదిగ గారి మెస్ ఎక్కడుంది? పోనీ తిండి వదిలేద్దాం. తోలుపని మా తాతలది. లందలో తోలు నానేసి, తంగేడు చెక్కతో ఊనవేసి, ఆరె, రంపె పట్టి చెప్పు కుట్టింది వాళ్ళు. కనీసం చెప్పుల షాపు మీదైనా ఆ పేరుండాలి గదా. ఉండదు. అక్కడ ఇంగ్లీషు పేర్లు, ఇటలీ పేర్లు ఉంటాయి. తోలు వాసన పోయేదాకా కడిగి, చేసినవాడి పేరు కూడా కడిగేస్తే గానీ సరుకు అద్దాల షాపులోకి రాదు.

2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరుపెట్టి పచ్చళ్ళు, కారప్పొడులు అమ్మడం మొదలుపెట్టాడు. డబ్బా మీద 'దళిత' అని ఉంటే సవర్ణుడు కొని ఇంట్లోకి తీసుకుపోతాడా అన్నది ఆయన వేసిన ప్రశ్న. మంచి ప్రశ్నే. మార్కెట్ కులాన్ని రద్దు చేస్తుందని మేము నమ్మం. కానీ ఆ డబ్బా ఒక పని చేసింది. మిగతా డబ్బాలన్నిటి మీదా రాయకుండా ఉన్న కులం పేరేంటి అని అడిగింది.

షాపుకే కాదు, మనిషికి కూడా పేరే ప్రకటన. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చేసిన అధ్యయనం మన విద్యార్థులంతా చదవాలి. ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, అర్హతలు సమానం. తేడా పేరులోనే. కొన్ని పై కులాల పేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. పై కులం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం నూరు అనుకుంటే, దళిత పేరున్న దరఖాస్తుకు 67. అవి ప్రైవేటు కంపెనీలు, 'ప్రతిభ' తప్ప ఇంకేమీ చూడం అనే కంపెనీలు. కాగితం మీద మొదటి లైను దాటకముందే ప్రతిభ మీద తీర్పు ఐపోయింది.

ఎవరికి ఎవరు పేరు పెట్టారు

ప్రకటన అంటే పేరు పెట్టడం. ఆ లెక్కన చూస్తే మనవాళ్ళ చరిత్రంతా ఇతరులు అంటించిన పేర్లు పీకేసి సొంత పేరు రాసుకున్న చరిత్ర. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ అని పిలిచిన సభ, ముగిసేసరికి ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. మేము అయిదోవాళ్ళం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం అని దాని అర్థం. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. పదేళ్ళు తిరక్కుండా గాంధీ 'హరిజన' అనే పేరు తెచ్చాడు, 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టాడు. మనల్ని అడిగి పెట్టిన పేరు కాదది. 1938లో బొంబాయి శాసనసభలో ఆ మాటను చట్టంలోకి ఎక్కిస్తుంటే అంబేడ్కర్ తన పార్టీ సభ్యులతో కలిసి సభలోంచి లేచి వచ్చేశాడు. ఒక మాట కోసం వాకౌటా అని ఆశ్చర్యపోయినవాళ్ళు ఉంటారు. మాట చట్టంలోకి పోతే సర్టిఫికెట్టులోకి వస్తుంది, సర్టిఫికెట్టులోకి వస్తే పిల్లాడి నోట్లోకి వస్తుంది. అది ఆయనకు తెలుసు.

ఆయనకు ఇంకో అనుభవం కూడా ఉంది. 1920 జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు తిలక్ పెట్టిన 'కేసరి'లో ఒక ప్రకటన వేయమని అడిగారు. డబ్బిస్తామన్నా వాళ్ళు వేయలేదు. వ్యాపారానికి కులం లేదు, డబ్బుకు కులం లేదు అనేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నోరులేనివాళ్ళ పత్రిక వస్తోంది అనే కబురు కూడా అచ్చులో అంటరానిదైంది.

2018లో కేంద్ర సమాచార శాఖ 'దళిత' అనే మాట వాడొద్దు, 'షెడ్యూల్డ్ కులం' అనండి అని ప్రైవేటు టీవీ చానళ్ళకు సలహా ఇచ్చింది. ఆఫీసు కాగితానికి ఎస్సీ చాలు. కానీ 'దళిత' మనం పోరాటంలో తెచ్చుకున్న మాట. దాన్ని వాడాలో వద్దో చెప్పే హక్కు దాన్ని మోసినవాళ్ళది.

మనలో మనం

ఇక్కడ ఆగితే ఈ వ్యాసం కూడా ఒక ప్రకటనే అవుతుంది. మా చెల్లెలి ప్రకటనకు నాలుగు ఫోన్లు వచ్చాయని చెప్పలేదు. అందులో మూడింటి మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎస్సీలో ఏది?" అడిగింది పైవాళ్ళు కాదు, మనవాళ్ళే.

'దళిత' అనే పెద్ద 'మనం'లో ఎవరు ఎంత ఉన్నారు అనే ప్రశ్నను 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగింది. రెడ్డి, రావు, శర్మ అని పేరు చివర తోకలున్న సమాజంలో, తిట్టుగా వాడిన 'మాదిగ' మాటను మంద కృష్ణ, ఆయన వెంట వేలమంది పేరు చివర రాసుకున్నారు. ఆ రోజు మన మిత్రుల్లోనే చాలామంది ఇది ఐక్యతను చీలుస్తుంది అన్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత 2024 ఆగస్టు 1న వర్గీకరణ రాజ్యాంగబద్ధమే అని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ దాన్ని అమల్లో పెట్టింది. 'మేము' అన్నందుకు 'మనం' చీలలేదు. 'మేము' అననిస్తేనే 'మనం' అబద్ధం కాకుండా ఉంటుంది. ఈ ప్రశ్న ఇంకా ముందుకే పోవాలి. డక్కలి, మాస్టిన్, రెల్లివాళ్ళు మాదిగల్నీ మాలల్నీ అడుగుతారు. దళిత స్త్రీలు మమ్మల్ని అడుగుతారు, అడుగుతున్నారు కూడా. మా చెల్లెలి పెళ్ళి ప్రకటనలో చెల్లెలి రంగు ఏం రాయాలి అని మేమే కౌంటరు ముందు ఆలోచించాం. చివరికి 'చామనఛాయ' అని రాశాం. మా చెల్లెలు నలుపు. ఆ ఒక్క పదానికి మేము కూడా డబ్బు కట్టాం.

అందుకే ఈ చదువు మనతోనే మొదలవ్వాలి. ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆదివారం పేజీని క్లాసుకు తీసుకెళ్ళి, ఏ మాట ఎవరిని పిలుస్తోంది, ఏ మాట ఎవరిని ఆపుతోంది అని పిల్లల చేత గీతలు పెట్టించవచ్చు. 'మన', 'మా' అనే రెండు మాటల తేడా ఏ వ్యాకరణ పుస్తకం కంటే బాగా వాళ్ళకు తెలుస్తుంది. విద్యార్థులు తమ ఊరి బోర్డులు, తమ వీధి టు లెట్ రాతలు సేకరించవచ్చు. కార్యకర్తలు పత్రికల ప్రకటనల విభాగాలకు పోయి, ఆ బ్రాకెట్టుకు డబ్బు తీసుకోవడం మానండి అని అడగాలి. ఒక్క పత్రిక మానినా, మిగతావాళ్ళు ఎందుకు మానలేదని అడగడానికి మనకు చోటు దొరుకుతుంది.

డప్పు మోసినవాళ్ళు వందల ఏళ్ళు ఊరి కబురు చాటారు. దండోరా రోజున అదే డప్పు మీద తమ సంగతి చాటుకున్నారు. ఇంటి గుమ్మం ముందు, కౌంటరు ముందు, ఇంటర్వ్యూ గదిలో 'మీరేమిట్లు' అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పడం ఆ చాటింపులో భాగమే. చెప్పాక వాళ్ళు గది ఇస్తారా ఇవ్వరా అన్నది వేరే సంగతి. ఆ చేపలపులుసు ఇంటికి మేము మళ్ళీ పోలేదు. బోర్డు మాత్రం ఒక ఫొటో తీసుకున్నాం. వచ్చే వారం దాన్ని క్లాసులో చూపించబోతున్నాం.